ఇంటికి 5 లక్షలు కావాలి: నిఫ్టీ ఫండ్ అమ్మాలా, అమెరికా ఫండ్ అమ్మాలా? పన్ను ఎక్కడ తక్కువ?

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ:

అందరికీ నమస్కారం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. జీతం ఏడాదికి 7,80,000. కొత్త పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి జీతం మీద పన్ను పడటం లేదు. ఇప్పుడు నా ఫండ్లు కొన్ని అమ్మాల్సిన పని పడింది. మొదటిసారి అమ్ముతున్నాను, తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

నా దగ్గర రెండు రకాలు ఉన్నాయి. మొదటిది నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్. 2019 జూన్‌లో మొదలుపెట్టి ఈ 2026 జనవరి దాకా నెలకు 5,000 చొప్పున 80 నెలలు కట్టాను. లాక్‌డౌన్‌లో సగం జీతమే వచ్చిన నెలల్లో కూడా ఆపలేదు. కట్టింది 4,00,000, ఇవాళ్టి విలువ సుమారు 6,40,000.

రెండోది అమెరికా ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్, మన దేశపు మ్యూచువల్ ఫండ్ కంపెనీదే. ఇది రెండు ముక్కలుగా ఉంది. 2021 ఆగస్టులో మా ఊళ్లో అరెకరం అమ్మినప్పుడు నా వాటాకు వచ్చిన దాంట్లోంచి 1,50,000 ఒక ఏజెంటు ద్వారా పెట్టాను. అది ఇప్పుడు 2,80,000 అయింది. తర్వాత 2023 ఆగస్టు నుంచి నేనే ఫోన్‌లో డైరెక్ట్ ప్లాన్ తీసుకుని, వేరే ఫోలియోలో, అంటే వేరే ఫండ్ ఖాతా నంబరు కింద, నెలకు 3,000 కడుతున్నాను. 30 నెలలకు కట్టింది 90,000, విలువ 1,20,000.

అమ్మానాన్నలకు వయసు మీద పడింది. ఊళ్లో ఇద్దరే ఉండలేకపోతున్నారు. వాళ్లను మా దగ్గరికి తెచ్చుకోవడానికి, మేము పైకి మారి కింది పోర్షన్ వాళ్లకు ఇద్దామని ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం. సిమెంటుకు, సలాకకు, మేస్త్రీకి కలిపి నా చేతిలో ఉన్నది పోగా ఇంకా 5 లక్షలు తక్కువ పడుతున్నాయి. మే నెలాఖరు లోపు కావాలి.

ఇంకో సంగతి, మా బిడ్డ హైదరాబాద్‌లో బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. 2028లో ఎంఎస్‌కు అమెరికా పోతానంటోంది. ఆ ఖర్చు కూడా మనసులో ఉంది.

నా సందేహం ఇది. ఒకాయన విదేశీ ఫండ్ ఎన్నేళ్లు ఉంచినా పన్ను శ్లాబు (ఆదాయాన్ని బట్టి పెరిగే రేటు) ప్రకారమే పడుతుంది, ముందు దాన్ని వదిలించుకో అంటాడు. ఇంకొకాయన మూడేళ్లు దాటితే తక్కువ అంటాడు. ఒక్కో వీడియోలో ఒక్కో తీరు చెప్తున్నారు. నిజంగా ఏది అమ్మితే మంచిది? ఇక ముందు అమెరికా ఫండ్‌లో కట్టడం కొనసాగించాలా?

పాలమూరు పద్దులు, జడ్చర్ల:

తమ్ముడూ, నేను జడ్చర్లలో ఇరవై రెండేళ్లుగా రిటర్నులు వేస్తున్నాను. నువ్వు ఫోలియోలతో సహా రాశావు కాబట్టి సరిగ్గా చెప్పగలుగుతాను. చాలామంది ‘ఫండ్లు ఉన్నాయి, పన్ను ఎంత’ అని అడుగుతారు. ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు అమ్ముతారు అన్న రెండు తేదీలు లేకుండా జవాబు ఉండదు.

ముందు నిఫ్టీ సంగతి. 65 శాతం కంటే తక్కువ కాకుండా మన దేశపు షేర్లలో పెట్టే ఫండ్‌ను ఈక్విటీ ఫండ్ అంటారు. నీది అదే. కొన్నాక 12 నెలలు దాటితే దీర్ఘకాలిక లాభం. 2024 జులై 23 నుంచి దాని మీద పన్ను 12.5 శాతం, అది కూడా ఏడాదికి మొదటి 1,25,000 లాభాన్ని వదిలేసి. 12 నెలల లోపు అమ్మితే 20 శాతం. సిప్‌లో ప్రతి నెలా కట్టింది వేరే కొనుగోలు కింద లెక్క, దేని 12 నెలలు దానివే.

అమెరికా ఫండ్ మన కంపెనీదే అయినా, షేర్లు మన దేశానివి కావు కాబట్టి పన్ను చట్టం దాన్ని ఈక్విటీ ఫండ్‌గా చూడదు. నీకు చెప్పినవాళ్లిద్దరూ అబద్ధం చెప్పలేదు, పాత కాలపు రూలు చెప్పారు. ఒకప్పుడు ఇలాంటి ఫండ్లకు మూడేళ్ల రూలే. తర్వాత 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న యూనిట్లకు, ఎన్నేళ్లు ఉంచినా శ్లాబు ప్రకారమే పన్ను అన్నారు. 2024 జులై బడ్జెట్‌లో ఆ నిర్వచనాన్ని మార్చారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ కఠినమైన రూలు 65 శాతం కంటే ఎక్కువ బాండ్లలో, అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్లకే. విదేశీ షేర్ల ఫండ్లు అందులోంచి బయటపడ్డాయి. కాబట్టి నువ్వు ఇప్పుడు అమ్మితే, 2021లో కొన్నదైనా 2023లో కొన్నదైనా, 24 నెలలు దాటిన యూనిట్ల మీద 12.5 శాతమే. 24 నెలల లోపువి నీ శ్లాబు ప్రకారం.

తేడా ఎక్కడంటే, ఆ 1,25,000 మినహాయింపు అమెరికా ఫండ్‌కు లేదు. మొదటి రూపాయి లాభం నుంచే పన్ను.

ఇప్పుడు నీ లెక్క. 2021 నాటి ముక్క మొత్తం అమ్మితే లాభం 1,30,000. దాని మీద 12.5 శాతం అంటే 16,250, 4 శాతం సెస్ కలిపితే 16,900 కట్టాలి. ఆ తర్వాత కూడా నీకు 5 లక్షలు నిండవు.

నిఫ్టీలో అయితే పూర్తిగా పన్ను లేకుండా 5 లక్షలు తీయొచ్చు, రెండు విడతలుగా తీస్తే. ఆర్థిక సంవత్సరం మార్చి 31న మారుతుంది. మార్చిలో ఒక విడత, ఏప్రిల్ మొదటి వారంలో ఇంకో విడత. రెండు సంవత్సరాల మినహాయింపులూ నీకు దొరుకుతాయి. అమ్మేటప్పుడు మొదట కొన్న యూనిట్లే మొదట పోతాయి. 2019, 2020 నాటి యూనిట్లలో లాభం ఎక్కువ కాబట్టి మార్చి విడతలో తీసే మొత్తం నువ్వు అనుకున్నంత పెద్దది కాదు. నా అంచనా ప్రకారం 2,10,000 దగ్గర లాభం 1,25,000కు చేరువ అవుతుంది. మిగతా 2,90,000 ఏప్రిల్‌లో తియ్యి, అందులో లాభం సుమారు లక్ష ఉంటుంది. అదే 5 లక్షలూ ఒకే సంవత్సరంలో తీస్తే సెస్‌తో కలిపి 13 వేల దాకా పన్ను పడేది. ఆ పైసలతో సలాక కొన్నా పనికొస్తుంది.

అంచనాను నమ్ముకుని అమ్మకు. ఫండ్ల లెక్కలు రాసే క్యామ్స్ నుంచో కేఫిన్‌టెక్ నుంచో నీ ఫండ్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని యూనిట్ల వారీగా చూసుకో. నీకు వేరే షేర్లు ఏమైనా ఉండి ఈ ఏడాది అమ్మి ఉంటే ఆ లాభం కూడా ఇదే 1,25,000లోకి వస్తుంది. మార్చి చివరి రోజు దాకా ఆగకు, మధ్యాహ్నం 3 దాటితే మరుసటి పనిరోజు ధర పడుతుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వస్తుంది. సెక్షన్ల నంబర్లు మారతాయి, ఈ 1,25,000 మినహాయింపు అందులోనూ ఉంది. మార్చి విడతకు పాత చట్టం కిందే రిటర్ను వేస్తావు.

దేవరకొండ సార్:

పద్దులు గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతున్నాను, ఇంకొకరికి ఈ ఇబ్బంది రాకూడదని.

నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. 2020లో అమెరికా నాస్‌డాక్ 100 ఇండెక్స్ మీద నడిచే ఫండ్ ఒకటి కొన్నాను. 2024 నవంబర్‌లో అమ్మితే 92,000 లాభం వచ్చింది. రిటర్ను వేసిచ్చే వ్యక్తి, షేర్ల ఫండే కదా అని దాన్ని 112ఏ కింద, అంటే మన దేశపు ఈక్విటీ ఫండ్లు రాసే చోట రాశాడు. 92,000 అంటే 1,25,000 లోపే కాబట్టి పన్ను సున్నా వచ్చింది. నేనూ సంతోషించాను.

అక్టోబర్‌లో డిపార్ట్‌మెంటు నుంచి మెయిల్ వచ్చింది. వార్షిక సమాచార పత్రంలో (మన లావాదేవీల మీద డిపార్ట్‌మెంటు దగ్గర ఉండే ఏఐఎస్ పట్టిక) ఆ అమ్మకం వేరే రకంగా ఉంది, మీరు రాసింది వేరే అని. రెండు రాత్రులు నిద్ర లేదు. నేను ముప్పై ఏళ్లలో ఒక్క రూపాయి దాచినవాణ్ణి కాదు. డిసెంబర్ 31 లోపు సవరించిన రిటర్ను వేసే వీలుంది కాబట్టి వేశాను. 11,500 పన్ను, 460 సెస్, పైన వడ్డీ కట్టాను. అంతటితో అయిపోయింది.

అందుకే చెప్తున్నాను గుమాస్తా గారూ, ఫండ్ పేరులో ఇండెక్స్ అని ఉంటే చాలదు. ఎక్కడి ఇండెక్స్ అన్నదాన్ని బట్టి రిటర్నులో చోటు మారుతుంది. ఇంకో మాట. నిఫ్టీ ఫండ్ ఒక్కటే అమ్మి, లాభం 1,25,000 దాటకపోతే ఐటీఆర్-1 అనే చిన్న రిటర్ను ఫారం సరిపోతుంది. అమెరికా ఫండ్‌లో వంద రూపాయల లాభం తీసినా ఐటీఆర్-2 వేయాలి.

ఎక్స్చేంజీలో షేరులా కొని అమ్మే ఫండ్, అంటే ఈటీఎఫ్ అయితే 24 నెలలు కాదు, 12 నెలలకే దీర్ఘకాలికం అవుతుంది. అది విని నేను అమెరికా ఈటీఎఫ్ కొనబోయాను. కానీ మన ఫండ్ కంపెనీలన్నీ కలిసి విదేశాల్లో పెట్టడానికి 7 బిలియన్ డాలర్ల పరిమితి, ఈటీఎఫ్‌లకు విడిగా 1 బిలియన్ పరిమితి ఉన్నాయి. కొత్త యూనిట్లు పుట్టక, ఉన్నవాటికే గిరాకీ పెరిగి, అసలు విలువ కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతుంటాయి. పన్నులో మిగిలేది కొనే ధరలో పోతుంది. కొనేముందు ఆ రోజు అసలు విలువతో ధర పోల్చి చూడండి.

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ:

పద్దులు అన్నా, దేవరకొండ సార్, ఇద్దరికీ దండాలు. మార్చి, ఏప్రిల్ అని రెండుగా చేయొచ్చని నాకు తట్టనే లేదు. మిల్లులో మేము కూడా స్టాకు లెక్క మార్చి 31కి ముగించి ఏప్రిల్ 1న కొత్త పుస్తకం తెరుస్తాం, అయినా తట్టలేదు.

ఒక అనుమానం. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదంటున్నారు కదా. నా జీతం, ఈ లాభాలు అన్నీ కలిపినా 12 లక్షలు దాటవు. అలాంటప్పుడు అమెరికా ఫండ్ లాభం మీద మాత్రం 16,900 ఎందుకు కట్టాలి?

పాలమూరు పద్దులు, జడ్చర్ల:

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది ఇక్కడే పొరపడతారు.

12 లక్షల దాకా పన్ను లేదంటే, పన్ను లెక్కగట్టి 60,000 దాకా రిబేటు ఇచ్చి తుడిచేస్తున్నారు. ఆ రిబేటు శ్లాబు ప్రకారం పడే పన్నుకే. 12.5 శాతం, 20 శాతం లాంటి ప్రత్యేక రేట్లు ఉన్న లాభాలకు కొత్త విధానంలో ఆ రిబేటు వర్తించదు. కాబట్టి జీతం పన్ను తుడిచిపెట్టుకుపోతుంది, 16,900 మాత్రం నిలబడుతుంది.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడు. నీ రెండో అమెరికా ఫోలియోలో 24 నెలలు దాటని యూనిట్లు ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి కట్టినవి. వాటి లాభానికి ప్రత్యేక రేటు లేదు, శ్లాబు రేటే. శ్లాబు రేటు అంటే రిబేటు వర్తిస్తుంది. అంటే నీలాంటివాడికి, 12 లక్షల లోపు ఆదాయం ఉన్నవాడికి, రెండేళ్లు దాటిన యూనిట్ల మీద 12.5 శాతం పన్ను పడి, దాటని యూనిట్ల మీద సున్నా పడుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్న మనిషికి ఇది సరిగ్గా ఉల్టా. అందుకే హైదరాబాద్‌లో పెద్ద జీతగాళ్లకు చెప్పే సలహా నీకు సరిపోదు.

అయితే అదే ఫోలియోలో పాత యూనిట్లే ముందు పోతాయని చెప్పాను కదా. 2023 ఆగస్టు నుంచి 2024 జనవరి దాకా కట్టిన ఆరు నెలల యూనిట్లు, పెట్టుబడి 18,000, అవి ముందు పోతాయి. వాటి లాభం 11 వేలో 12 వేలో ఉంటుంది, పన్ను 1,500 చిల్లర. ఆ తర్వాత మిగిలిన లాభానికి ఏమీ ఉండదు. ఏజెంటు దగ్గర పెట్టిన 2021 ముక్క వేరే ఫోలియోలో ఉండటం నీ అదృష్టం. అదే ఫోలియోలో, అదే ప్లాన్‌లో సిప్ కూడా పెట్టి ఉంటే ముందు ఆ 1,30,000 లాభమే బయటికి వచ్చేది.

ఏజెంటు పెట్టించింది రెగ్యులర్ ప్లాన్ అయితే దాన్ని డైరెక్టుకు మార్చుకుందామని స్విచ్ నొక్కకు. స్విచ్ కూడా అమ్మకమే, పన్ను పడుతుంది.

ఉదయసముద్రం, నల్లగొండ:

అన్నా, నేను డల్లాస్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి 2022లో నల్లగొండకు తిరిగి వచ్చేశాను. నాకు అక్కడి బ్రోకరు దగ్గరే ఎస్ అండ్ పీ 500 ఈటీఎఫ్ ఉంది. ‘ఇక్కడి ఫండ్ ఎందుకు, నేరుగా అమెరికాలోనే కొను’ అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. చెప్పేముందే నా మాట వినండి.

మన దేశపు కంపెనీ ఫండ్ ద్వారా అమెరికా షేర్లు ఉంటే అది మీకు విదేశీ ఆస్తి కాదు, రిటర్నులో విడిగా చూపించాల్సింది ఏమీ లేదు. నేరుగా ఉంటే ప్రతి ఏడాది, అమ్మినా అమ్మకపోయినా, షెడ్యూల్ ఎఫ్ఏలో, అంటే రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో రాయాలి. అది కూడా ఏప్రిల్ నుంచి మార్చి కాదు, జనవరి నుంచి డిసెంబర్ లెక్క. ఆ ఏడాదిలో గరిష్ఠ విలువ, చివరి విలువ, వచ్చిన డివిడెండు అన్నీ స్టేట్ బ్యాంకు కొనుగోలు రేటుతో రూపాయల్లోకి మార్చి రాయాలి. రాయకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబర్ నుంచి ఇల్లూ భూమీ కాకుండా మిగతా విదేశీ ఆస్తులు 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా వేయడం లేదు. జరిమానా లేదని రాయడం మానేయకూడదు. నేను మొదటి ఏడాది ఈ షెడ్యూల్ ఒక్కటి నింపడానికి మూడు ఆదివారాలు కూర్చున్నాను.

డివిడెండు సంగతి ఇంకా ముఖ్యం. అమెరికా మన డివిడెండులో 25 శాతం ముందే పట్టుకుంటుంది. ఇక్కడ ఫారం 67 వేసి ఆ మేరకు మన పన్నులో తగ్గించుకోవచ్చు. అయితే ఇక్కడ పన్ను పడితేనే కదా తగ్గించుకునేది. మీ ఆదాయానికి రిబేటుతో పన్ను సున్నా అయిపోతుంది. అంటే ఆ 25 శాతం మీకు తిరిగి రాదు. మన ఫండ్ ద్వారా పెట్టినా ఆ పట్టుబడి ఫండ్ లోపల జరిగిపోతుంది, మనకు కనబడదు, మనం అడిగి తీసుకోలేం. అమ్మినప్పుడు వచ్చే లాభం మీద మాత్రం అక్కడ ఉండనివాళ్ల దగ్గర అమెరికా పన్ను తీసుకోదు. అది ఇక్కడే కట్టాలి, 24 నెలలు దాటితే 12.5 శాతం.

నాకు భయం పుట్టించింది మాత్రం ఇంకొకటి. అమెరికా పౌరులు కాని, అక్కడ ఉండని మనిషి చనిపోతే, అక్కడి షేర్లు, అక్కడ రిజిస్టరైన ఈటీఎఫ్‌లు 60,000 డాలర్లు దాటితే వారసత్వ పన్ను పడుతుంది. పెరుగుతూ పోయి 40 శాతం దాకా ఉంటుంది. 60,000 డాలర్లంటే, డాలరు 90 రూపాయల లెక్కన 54 లక్షలు. మన దేశంలో ఆ పన్నును 1985లోనే తీసేశారు కాబట్టి మనవాళ్లకు ఈ ఆలోచనే రాదు. మా ఆయనకు ఈ సంగతి చెప్పి, నా దగ్గర ఉన్నది ఆ హద్దు దాటకుండా చూసుకుంటున్నాను. మన మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అయితే ఈ బాధ లేదు, నామినీకి ఇక్కడే మారిపోతాయి.

నేరుగా పంపాలంటే ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం ముందే పట్టుకుంటుంది. తర్వాత రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అన్ని నెలలు పైసలు ఇరుక్కుపోతాయి. నెలకు 3,000 పెట్టే మనిషికి ఇవన్నీ అక్కర్లేదు అన్నా. ఇప్పుడున్న ఫండే మంచిది.

హుజూర్‌నగర్ రైతుబిడ్డ:

ఇంత తిప్పలు ఎందుకన్నా? ఫారాలు, షెడ్యూళ్లు, రెండేళ్లు, లక్షా పాతిక వేలు, 12 లక్షలు. పన్ను ఎక్కువ పడే బయటి ఫండ్ మొత్తం మానేసి నిఫ్టీ ఒక్కటే పెట్టుకో. మన దేశమే పెరుగుతోంది కదా.

పాలమూరు పద్దులు, జడ్చర్ల:

రైతుబిడ్డా, నిఫ్టీ ఒక్కటే పెట్టుకుంటానంటే తప్పేమీ లేదు. కానీ పన్ను కోసమే బయటి ఫండ్ మానేస్తాననే మాట నేను ఒప్పుకోను. లెక్క చూడు. ఎక్కువ కాలం ఉంచేవాడికి రెండింటి రేటూ 12.5 శాతమే. తేడా ఆ 1,25,000 మినహాయింపు ఒక్కటే. దాని మీద పన్ను 15,625, సెస్‌తో 16,250. అమ్మిన ఏడాదిలో నీకు ఎంత లాభం వచ్చినా, తేడా 16,250 దాటదు. నిఫ్టీలో ఆ మినహాయింపు ఎలాగూ వాడేసుకున్న ఏడాదిలో అయితే తేడానే ఉండదు.

ఇంకో పక్క చూడు. గుమాస్తా తమ్ముడు 2021 ఆగస్టులో పెట్టినప్పుడు డాలరు 74 రూపాయలు, ఇప్పుడు 90 దాటింది. అక్కడి షేర్లు ఒక్క పైసా పెరగకపోయినా 1,50,000 కాస్తా 1,82,000 అయ్యేది. ఆ పెరుగుదల మీద కూడా పన్ను ఉంటుంది, మన చట్టం లాభాన్ని రూపాయల్లోనే కొలుస్తుంది. 4,000 చిల్లర పన్ను పోయినా మిగతాది చేతికొస్తుంది. బిడ్డ ఫీజు డాలర్లలో కట్టాల్సినవాడికి అది చిన్న సంగతి కాదు. డాలరు పెరిగితే ఫీజూ పెరుగుతుంది, ఫండూ పెరుగుతుంది. ఇల్లు కట్టడానికి రూపాయలు కావాలి, నిఫ్టీ అమ్ముతాం. చదువుకు డాలర్లు కావాలి, అమెరికా ఫండ్ ఉంచుతాం.

గుమాస్తా తమ్ముడూ, బిడ్డ చదువు కోసమే అనుకుంటే ఇంకొకటి చెప్తాను, జాగ్రత్తగా విను. నీ బిడ్డకు 18 దాటాయి. ఆ 2021 నాటి యూనిట్లను ఆమెకు బహుమతిగా రాసిచ్చేయొచ్చు. తండ్రి ఇచ్చిన బహుమతి మీద పన్ను లేదు. నువ్వు కొన్న ధర, నువ్వు ఉంచుకున్న కాలం రెండూ ఆమెకు వస్తాయి. ఆమెకు వేరే ఆదాయం లేదు. ఇక్కడి నివాసికి 4 లక్షల దాకా ప్రాథమిక మినహాయింపు ఉంటుంది, అందులో ఖాళీగా ఉన్న భాగాన్ని ఈ దీర్ఘకాలిక లాభానికి వాడుకోవచ్చు. 1,30,000 కాదు, 2028 నాటికి లాభం రెండు లక్షలైనా ఆమె చేతిలో పన్ను సున్నా. అయితే ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. అమ్మిన పైసలు ఆమె ఖాతాలో పడాలి, ఆమె ఫీజుకే పోవాలి. ఆమె పేర రాసి మళ్లీ నీ ఖాతాలోకి తెచ్చుకుంటే అది బహుమతి కాదు. భార్యకు ఇస్తే ఇది పనిచేయదు, భార్యకు ఇచ్చిన దాని లాభం నీ ఆదాయంలోనే కలుపుతారు.

ఉదయసముద్రం, నల్లగొండ:

పద్దులు గారు చెప్పింది నిజం. బిడ్డ పేర రాస్తే మాత్రం ఒక జాగ్రత్త అన్నా. ఆమె ఇక్కడి నివాసిగా ఉన్న ఆర్థిక సంవత్సరంలోనే అమ్మేయండి, విమానం ఎక్కేదాకా ఆగకండి.

అక్కడ చదువుకునేటప్పుడు స్టూడెంట్ వీసా మీద సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అమెరికా పన్నుకు నివాసి కింద లెక్కించరు. ఉద్యోగం వచ్చి వీసా మారాక నివాసి అవుతారు. అప్పుడు ఆమె పేర ఇండియా మ్యూచువల్ ఫండ్లు ఉంటే వాటిని అక్కడ పీఎఫ్ఐసీ అంటారు, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీ కింద లెక్క. ఒక్కో ఫండ్‌కు ఫారం 8621, లాభం మీద అత్యధిక రేటు, పైన వడ్డీ. మా నాన్న ప్రేమతో నా పేర ఇక్కడ వేసిన ఒక చిన్న ఫండ్‌కు అక్కడి అకౌంటెంటుకు కట్టిన ఫీజు ఆ ఫండ్ లాభం కంటే ఎక్కువ అయింది. నాన్నకు ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు. మన జిల్లా నుంచి అంతమంది పిల్లలు పోతున్నారు, వాళ్ల పేర్ల మీద ఇక్కడ సిప్‌లు నడుస్తున్న తల్లిదండ్రులు దయచేసి ఇది ఒకసారి చూసుకోండి.

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ:

నిన్న రాత్రి మా బిడ్డకు ఫోన్ చేసి మీ జవాబులన్నీ చదివి వినిపించాను. ‘నాన్నా, ఆ 2021 ముక్క అమ్మకండి, పెట్టింది పెట్టినట్టే ఉంచండి’ అంది. తాత భూమి పైసలు అవి అని ఆమెకు తెలుసు.

స్టేట్‌మెంట్ తెప్పించాను. పద్దులు అన్న అంచనా దాదాపు సరిపోయింది. 2,10,000 తీస్తే పోయే యూనిట్లు 2019 జూన్ నుంచి 2020 నవంబర్ దాకావి, లాభం 1,23,400 వస్తోంది. ధర అటూ ఇటూ అయినా 1,25,000 దాటకుండా 2,05,000కే ఆర్డరు పెడదామని అనుకుంటున్నాను. మార్చి 24 మంగళవారం మొదటిది. మిగతాది ఏప్రిల్ 2 గురువారం. మధ్యలో తొమ్మిది రోజులే తేడా కాబట్టి మార్కెట్ పడినా తట్టుకోగలను. 2021 ముక్కను ముట్టుకోను. వచ్చే ఏడాది దాన్ని బిడ్డ పేర రాయడానికి ఏం కాగితాలు కావాలో ఫండ్ కంపెనీకి రాసి అడుగుతాను. నెలకు 3,000 అలాగే నడుస్తుంది. ఇల్లు అయ్యాక నిఫ్టీ సిప్ మళ్లీ 5,000తో మొదలుపెడతాను, ఆ తర్వాత ఒక్క నెల కూడా ఆపను.

దేవరకొండ సార్, ఈసారి నా రిటర్ను మీరు చెప్పినట్టు ముందు వార్షిక సమాచార పత్రం పక్కన పెట్టుకుని నేనే చూస్తాను, ఆ తర్వాతే వేయిస్తాను.

పాలమూరు పద్దులు, జడ్చర్ల:

2,05,000 మంచి నిర్ణయం తమ్ముడూ. అప్పుడు ఏప్రిల్‌లో 2,95,000 తీయాలి, ఇంకో ఐదు వేలకు లాభం మూడు వేలు కూడా పెరగదు, హద్దు లోపలే ఉంటావు. ఆర్డరు పెట్టేముందు ఎగ్జిట్ లోడ్ (అమ్మేటప్పుడు ఫండ్ కోసుకునే రుసుము) ఉందేమో ఒకసారి చూడు, పాత యూనిట్లకు ఉండదు. ఆర్డరులో రూపాయల మొత్తం రాయి, ‘అన్ని యూనిట్లు’ అన్న గడి మీద టిక్ పెట్టకు.

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ:

అలాగే అన్నా. ఏప్రిల్ మొదటి వారం నుంచి మిల్లుకు యాసంగి వడ్లు మొదలవుతాయి, తూకం దగ్గర నిలబడితే ఫోన్ చూసే తీరిక ఉండదు. 2వ తేదీ పొద్దున 10 గంటలకు గుర్తుచేయమని మా ఆవిడకు కూడా చెప్పి పెట్టాను. మేస్త్రీకి అడ్వాన్స్ 10వ తేదీన ఇస్తానని మాటిచ్చాను.